అడిగి వెళ్లినవాళ్లు మళ్లీ రావాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన సభలో సర్వే బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాకు ఇచ్చిన అంశం ‘గూడేల్లో పరిశోధన ఎట్లా చేయాలి’ అని. ఈ అంశం మీద మాట్లాడమంటే మనం మామూలుగా బయటివాళ్ల మీద ఫిర్యాదుతో మొదలుపెడతాం. వచ్చారు, అడిగారు, రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, పోయారు. వాళ్లకు డాక్టరేట్లు వచ్చాయి, మనకు ఏమీ రాలేదు అంటాం. అది అబద్ధం కాదు. కానీ ఈరోజు మేము అక్కడి నుంచి మొదలుపెట్టలేం. ఎందుకంటే అదే పని మేమూ చేశాం. ముందు ఆ సంగతి మీ అందరి ముందు ఒప్పుకుని, తర్వాత మిగతాది మాట్లాడతాం.

మా సంచిలోని కాగితాలు

కొన్నేళ్ల కింద మన సంఘం కార్యవర్గంలో ఒక మాట వచ్చింది. మన గురించి అందరూ రాస్తున్నారు, మన పిల్లలూ డిగ్రీలు చదివారు, మన సర్వే మనమే చేసుకుందాం అన్నారు. మంచి మాటే. ఐదుగురం బృందంగా కూడాం. నాలుగు పేజీల ఫారం తయారుచేశాం. ఇంటి పేరు, సగ, భూమి ఎంత, ఎప్పటినుంచి దున్నుతున్నారు, పట్టా ఉందా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఎవరికి ఏ పాటలు వచ్చు, ఎవరికి ఏ జబ్బు ఉంది, పిల్లల చదువు ఎంతవరకు అని అందులో రాశాం. రెండు గోండు గూడేలు, గుట్ట మీద ఒక కొలాం గూడెం తిరిగాం.

వెళ్లింది దసరా సెలవుల్లో. మాకు సెలవులు కాబట్టి అప్పుడు వెళ్లాం. పత్తి ఏరడం మొదలయ్యే రోజులు అవి. దండారీకి సిద్ధమయ్యే రోజులు కూడా. ఆ గూడేల పిల్లలమే అయినా, తెలిసి తెలిసీ మా వీలు చూసుకున్నాం గాని వాళ్ల వీలు చూడలేదు.

ఒక గూడెంలో ఒక తాత మాకు చాలాసేపు చెప్పాడు. ఆయనకు సర్వే నంబర్లు తెలియవు. ఇప్పచెట్టు, నల్లబండ, ఒర్రె, పాత ఊరి ఆకిపేన్ ఉన్న చోటు, ఇవే ఆయన హద్దులు. ఏ చెలక ఎవరి నాయన కొట్టాడు, ఊరు ఎందుకు జరిగింది, అడవి అధికారులు మొదటిసారి నాగలి ఆపింది ఎవరి పెళ్లి అయిన ఏడు, అన్నీ వరుసగా చెప్పాడు. మేము రాసుకున్నాం. ఆయన వేలిముద్ర వేశాడు. లేచేటప్పుడు, ‘గీ కాయితం యాడికి పోతది బిడ్డా?’ అని అడిగాడు. ‘మళ్ల వచ్చి సదివి వినిపిస్తం తాతా’ అన్నాం.

మళ్లీ వెళ్లలేదు. మాలో ఒకరికి టీచర్ ఉద్యోగం వచ్చింది. ఇద్దరు గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాద్ పోయారు. ఒకరికి పెళ్లయింది. ఫారాలన్నీ ఒక యూరియా సంచిలో వేసి ఆఫీసు గదిలో మూలకు పెట్టాం. ఆ ఏడాది సంఘం నివేదికలో ‘మూడు గూడేల్లో సర్వే పూర్తి’ అని ఒక వాక్యం రాశాం. చప్పట్లు కూడా కొట్టించుకున్నాం.

తర్వాత 2021 చివర్లో పోడు భూముల దరఖాస్తులు తీసుకున్నారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి తన సాగులో ఉన్నట్టు చూపించాలి. చూపించడానికి రాతకోతల పత్రాలే కానక్కర లేదు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసిపెట్టినా అది ఒక సాక్ష్యమేనని చట్టం కింద చేసిన నియమాల్లో ఉంది. ఆ తాత అప్పటికే పోయాడు. ఆ గూడెంలో ఆయన చెప్పిన చెలకలు దున్నుకుంటున్న ఒక కుటుంబం పెట్టుకున్న దరఖాస్తు ఆధారాలు చాలవని వెనక్కి వచ్చింది.

ఈ సంచిక కోసం పాత ఫొటోలు వెతుకుతుంటే ఈ ఏడాది ఆ సంచి కనబడింది. ఒక పక్క చెదలు పట్టింది. తాత ఫారం మాత్రం బాగానే ఉంది. దాన్ని తీసుకుని గూడెం పోయాం. తాత మనుమడు పదో తరగతి చదివినవాడు. తానే చదువుకున్నాడు. పక్కింటివాళ్లను పిలిచి గోండీలో చెప్పాడు. దరఖాస్తు వెనక్కి వచ్చిన ఇంటాయన కూడా అక్కడే కూర్చుని విన్నాడు. అంతా విని మమ్మల్ని ఒక్కటే అడిగాడు: ‘అన్నా, గిది మీ కాడ ఎన్నేండ్ల సంది ఉన్నది?’

మేము జవాబు చెప్పలేకపోయాం. ఆయన తిట్టలేదు. చాయ్ పెట్టించాడు.

ఆ కాగితం ఉంటే పట్టా వచ్చి ఉండేదని మేము చెప్పలేం. ఒక్క కాగితంతో పని కాదని మీ అందరికీ తెలుసు. కానీ అవసరమైన రోజున ఆ మాట ఆ ఊళ్లో లేదు. తాత ఊరి కోసం చెప్పిన మాటను మేము ఊరి నుంచి తీసుకుపోయాం. ఈరోజు మేము చెప్పబోయే మాటలన్నీ ఆ చాయ్ తాగుతూ ఆలోచించుకున్నవే.

మన గూడేలకు పరిశోధన కొత్త కాదు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు జల్, జంగల్, జమీన్ కోసం ప్రాణాలిచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ కాలంలో హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోయాడు. ఆయన ముందు నల్లమల చెంచుల మధ్య, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత మన గోండుల మధ్య పనిచేశాడు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్లది 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండులది 1948లో వచ్చాయి. భీం పోరాటం తర్వాత గిరిజనుల బాధలు ఏమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ పనిలో ఆయన సలహాదారు అయ్యాడు.

ఆయన గురించి మన పెద్దలు మంచే చెబుతారు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మన మధ్యే ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. 1940లలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. భూమి పోగొట్టుకున్నవాళ్లకు పట్టాలు ఇప్పించే పనిలో ఆయన నివేదికలు ఉపయోగపడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన మళ్లీ మళ్లీ వచ్చాడు. 1970లలో తిరిగివచ్చి, అప్పుడు ఇప్పించిన భూములు మళ్లీ ఎట్లా చేజారాయో చూసి, 1982లో వచ్చిన పుస్తకంలో అది కూడా రాశాడు. తన కృషి ఎంతవరకు నిలిచిందో, ఎక్కడ చెడిందో తానే వచ్చి చూసుకున్నాడు. ఎలిజబెత్ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇప్పటికీ జనవరి వస్తే ఊరివాళ్లు ఆ సమాధి దగ్గర పూలు పెడతారు. 80 ఏళ్ల కింద వచ్చిన ఒక పరదేశీ జంటను ఒక గూడెం తన పెద్దలతో సమానంగా తలుచుకుంటున్నదంటే, పరిశోధన అంటేనే మనకు గిట్టదు అన్నది తప్పుమాట.

అయితే రెండో వైపు కూడా చెప్పుకోవాలి. ఆయన వచ్చింది ప్రభుత్వం అండతో. అప్పుడు వద్దు అనే అధికారం మన ముత్తాతలకు ఉందా? ఆ పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చాయి. ఫొటోలు, ఫిల్ము రీళ్లు, డైరీలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. కానీ ఆ ఫొటోల్లో ఉన్న తాతల పేర్లు చెప్పగలిగిన మనుషులు లండన్‌లో లేరు, మన గూడేల్లోనే ఉన్నారు. వాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మంచి పరిశోధకుడి విషయంలోనే ఇట్లా ఉంటే, నాలుగు రోజులకు వచ్చిపోయేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఎక్కువసార్లు అడిగిన ఊరు

కొన్ని ఊళ్లకే అందరూ ఎందుకు వస్తారు? తారు రోడ్డు ఉంటుంది. ఊరికి పేరు ఉంటుంది. తెలుగు బాగా మాట్లాడే ఒక మనిషి ఉంటాడు. ముందు వచ్చిన సారు ఆ మనిషి నంబరు తర్వాతి సారుకు ఇస్తాడు. పుష్యమాసంలో నాగోబా జాతరకు, దీపావళికి దండారీకి ఒక వరుస. మార్చిలో ప్రాజెక్టుల డబ్బు ఖర్చుపెట్టే వేళ ఇంకో వరుస. అదే గుట్ట పైన, నడిచి ఎక్కవలసిన కొలాం గూడేనికి ఎవరూ పోరు. తోటి కుటుంబాలను అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఒక ఊరు చెప్పి చెప్పి అలిసిపోతుంది, పక్క ఊరు కాగితం మీదికే రాదు. చివరికి ఆ ఒక్క రోడ్డు పక్క ఊరి మాటే మొత్తం జాతి మాటగా పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

అలిసిన ఊళ్లో ఏం జరుగుతుందో మేము చూశాం.

మొదటిది, కూలి పోతుంది. ఒక గంట మాట్లాడితే ఒక గంట పత్తి ఏరడం ఆగుతుంది. కిలో లెక్కన డబ్బులిచ్చే పనిలో అది నేరుగా ఇంటికి నష్టం. అడిగేవాళ్లకు మాత్రం ఆ గంటకు జీతమో, ఫెలోషిప్పో వస్తుంది.

రెండోది, జవాబులు అరిగిపోతాయి. పదిమంది అడిగాక, అడిగేవాడికి ఏం కావాలో చెప్పేవాడికి తెలిసిపోతుంది. ‘మీ సంస్కృతి అంతరించిపోతున్నదా?’ అంటే ‘అవును సార్’ అంటారు. ‘ప్రకృతిని పూజిస్తారా?’ అంటే ‘అవును సార్’ అంటారు. రెండు మాటల్లో పని అయిపోతే ఎడ్లకు నీళ్లు పెట్టుకోవచ్చు కదా. ఆ ‘అవును సార్’ను లెక్కగట్టి శాతాలు వేస్తారు. అది పరిశోధకుడికే నష్టం.

మూడోది, ఆశ పుడుతుంది. ఫారం పట్టుకుని వచ్చినవాళ్లందరూ సర్కారువాళ్లే అనుకుంటారు. ‘ఇల్లు అస్తదా? పింఛన్ అస్తదా?’ అని అడుగుతారు. రాదు అని ముందే సాఫీగా చెప్పేవాళ్లు తక్కువ. ‘చూద్దాం అమ్మా’ అంటారు. ఆ ‘చూద్దాం’ మీద ఒక ఇల్లు రెండేళ్లు ఎదురుచూస్తుంది.

నాలుగోది, దాచుకోవలసినవి బయటపడతాయి. పెర్సపేన్ పూజలో సగ వాళ్లే చూడదగినవి ఉంటాయి. పర్ధాన్ కిక్రీ మీద పాడే వంశకథల్లో ఏది ఎప్పుడు, ఎవరి ముందు పాడాలో ఒక లెక్క ఉంది. ఒకసారి మన కుర్రవాడే ఒకడు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ పంపాడు. పాడిన పెద్దాయన అటు తర్వాత ఏడాది దాకా ఎవరూ ఫోన్ తీస్తే పాడలేదు. కుర్రవాడిది చెడ్డ బుద్ధి కాదు. గొప్పగా ఉందని అందరికీ చూపించాలనుకున్నాడు. అడగాలని తోచలేదు, అంతే.

ఐదోది అన్నిటికంటే ప్రమాదం. నమ్మకం పోతుంది. సికిల్ సెల్ జబ్బు మన ఇళ్లలో ఉంది. 2023లో కేంద్రం దాన్ని నిర్మూలించే కార్యక్రమం మొదలుపెట్టింది. రక్త పరీక్ష అవసరం. కానీ ఇంతకుముందు ఎవరో రక్తం తీసుకుపోయి ఫలితం చెప్పని ఊళ్లో, నిజంగా మేలు చేసే నర్సమ్మ వచ్చినా చెయ్యి చాపరు. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు, చివరికి జబ్బుపడ్డ పిల్ల, బాకీ తీర్చాల్సి వస్తుంది.

సంతకం వేరు, సమ్మతి వేరు

ఒక సంగతి గుర్తుచేసుకుందాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద ఒక అధ్యయనం జరిగింది. టీకా వేసినవాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే ఆదివాసీ ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. విమర్శలు రావడంతో 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే వేల ఫారాల మీద సంతకాలు పెట్టారని ఆ నివేదిక తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది మా ప్రశ్న కాదు. ఆ టీకా చాలా దేశాల్లో వేస్తున్నారు. మా ప్రశ్న ఒక్కటే. బిడ్డ తల్లి గూడెంలో బతికి ఉండగా ఆమెను ఎందుకు అడగలేదు?

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే ఆదివాసీ జాతి ఉంది. అక్కడ చక్కెర జబ్బు ఎక్కువ. 1990లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఆ జబ్బు మీద పరిశోధన అని రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తం మీద వాళ్లు ఒప్పుకోని వేరే పరిశోధనలు కూడా జరిగాయి. మానసిక జబ్బుల మీద, ఆ జాతి ఎక్కడినుంచి వలస వచ్చిందనే దాని మీద. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జాతికి అది ఎంత బాధో మనకు వేరే చెప్పనక్కరలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం నమూనాలను తిరిగి అప్పగించింది. ఒక పనికి అడిగింది ఆ ఒక్క పనికే అని దీనివల్ల తెలుసుకోవాలి.

దక్షిణాఫ్రికాలోని సాన్ జాతివాళ్లు కూడా మనలాగే పరిశోధకులను చూసి చూసి అలిసినవాళ్లు. 2017లో వాళ్లే ఒక నియమావళి రాసి, మా దగ్గరికి వచ్చేవాళ్లు దీన్ని పాటించాలని ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి అనే ఐదు మాటల మీద అది నడుస్తుంది.

మన దేశంలో మంచి ఉదాహరణలూ ఉన్నాయి. కేరళలో కాణి ఆదివాసీలు ఆరోగ్యపచ్చ అనే మొక్క గుణం శాస్త్రవేత్తలకు చూపించారు. దానితో మందు తయారయ్యాక వచ్చిన లైసెన్సు డబ్బులో, రాయల్టీలో సగం వాళ్లకు చెందాలని ఒప్పందమైంది. అందుకోసం 1997లో వాళ్ల పేరన ఒక ట్రస్టు పెట్టారు. పంపకంలో గొడవలు రాకపోలేదు. అయినా మొక్కను చూపించినవాడికి వాటా ఉందని ఒప్పుకున్నారు.

మన గుంజాల సంగతి ఇంకా దగ్గరిది. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత ఫాంట్ వచ్చింది, పిల్లలకు వాచకం వచ్చింది, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఊరి దగ్గర తీసుకున్నది ఊరి పిల్లల చేతికి పలకలా తిరిగి వచ్చింది. పరిశోధన అంటే మేము కోరుకునేది ఇదే.

మేము అనుకున్న పద్ధతి

తాత ఫారం తర్వాత మా ఐదుగురం కూర్చుని, సార్మేడీలతో, పటేళ్లతో మాట్లాడి కొన్ని మాటలు రాసుకున్నాం. ఇవి చట్టం కాదు. ముందు మాకు మేము పెట్టుకున్న కట్టుబాటు. బయటివాళ్లనూ ఇదే అడుగుతాం.

ఒకటి. రాకముందు చదివి రండి. ఈ ఊరి మీద ఇప్పటికే ఏం రాశారో చూడండి. పుస్తకంలో ఉన్నది మళ్లీ మా అవ్వను అడగకండి. ఉన్నది తప్పయితే, ఇది తప్పా అని అడగండి. దానికి సంతోషంగా జవాబు చెబుతుంది.

రెండు. ముందు పటేల్ దగ్గరికి, రాయి సెంటర్ దగ్గరికి రండి. కానీ పటేల్ ఒప్పుకున్నాడు కదా అని ఇంటింటికీ దూరకండి. ఊరు ఒప్పుకోవడం వేరు, ఇంటి మనిషి ఒప్పుకోవడం వేరు. ఆడవాళ్ల మాట ఆడవాళ్లనే అడగండి, భర్త పక్కన కూర్చుని చెప్పేది కాదు.

మూడు. మా పంచాంగం చూసుకుని రండి. విత్తే కాలం, పత్తి ఏరే కాలం, దండారీ, పుష్యమాసం మీ పనికి కాదు. రాత్రి అన్నం తిన్నాక నెగడు దగ్గర అడిగితే, పగలంతా అడిగినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. పగటి పని ఆపించక తప్పకపోతే ఆ రోజు కూలి కట్టివ్వండి. అది లంచం కాదు, నష్టపరిహారం.

నాలుగు. ఏం వస్తుందో, ఏం రాదో ముందే చెప్పండి. ‘నాకు డిగ్రీ వస్తుంది, మీకు ఇల్లు రాదు’ అని చెప్పండి. అట్లా చెప్పినా మా వాళ్లు కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. నిజం చెప్పినవాడికి ఇంకో కప్పు కూడా ఇస్తారు.

ఐదు. సమ్మతి గోండీలో, కొలామీలో అడగండి. గోండీ మాట తెలుగులోకి, తెలుగు మాట ఇంగ్లీషులోకి పోయేసరికి మా అవ్వ చెప్పింది మా అవ్వకే తెలియకుండా పోతుంది. దుబాసీగా వచ్చిన కుర్రవాడిని ‘గైడు’ అని పక్కన పెట్టకండి. ఆయన చేసింది సగం పరిశోధన. పుస్తకంలో ఆయన పేరు, ఆయన ఒప్పుకుంటే, ఉండాలి.

ఆరు. పేరు పెట్టాలా, దాచాలా అని అడగండి. జబ్బు గురించి, భూమి తగాదా గురించి చెప్పినవాళ్ల పేరు దాచండి. సికిల్ సెల్ అని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధం రాని రోజులివి. కానీ పాట పాడినవాళ్ల, కథ చెప్పినవాళ్ల పేరు దాస్తే అది దొంగతనం. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనందరం ఎందుకు అంత ఉప్పొంగాం? మన కళకు ఒక మనిషి పేరు, ఒక మనిషి ముఖం ఉందని దేశం ఒప్పుకున్నందుకు.

ఏడు. మొదలుపెట్టాక కూడా వద్దు అనవచ్చు. నిన్న చెప్పిన మాట ఈరోజు కొట్టేయమంటే కొట్టేయాలి.

ఎనిమిది. తిరిగి రండి. రాసింది తెచ్చి గూడెంలో చదివి వినిపించండి. తప్పులు దిద్దించుకోండి. ఒక ప్రతి తెలుగులో, వీలైతే గోండీలో, బడిలో పెట్టండి. ఫొటోలు ఇంటివాళ్లకు ఇవ్వండి. రక్తం తీసుకుంటే ఫలితం ఆ ఇంటికే, గుట్టుగా, అర్థమయ్యేట్టు చెప్పండి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పెద్దలకు

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనవాళ్లమే కదా అనే ధైర్యం మంచిది కాదు. మాకు ఆ ధైర్యమే దెబ్బతీసింది. బయటివాడైతే తలుపు దగ్గర ఆగి అడుగుతాడు. మనం నేరుగా పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంటాం. మనకు ఎవరూ కాదనరు. అందుకే మనం ఇంకా జాగ్రత్తగా అడగాలి. బయటివాడు మళ్లీ రాకపోతే ఊరు మరిచిపోతుంది. మనం మళ్లీ పోకపోతే, దండారీకి వెళ్లినప్పుడు కళ్లలోకి చూడలేం.

ఇంకో మాట. ఏ ప్రశ్న అడగాలో కూడా ఊరినే అడగండి. మేము ఈసారి గూడెం పోయినప్పుడు అడిగాం. పాటల గురించి, పూజల గురించి ఎవరూ అనలేదు. బోరు నీళ్లు ఎందుకు ఎర్రగా వస్తున్నాయి, ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లలు ఇంటర్ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు, దరఖాస్తులు ఏ కారణంతో వెనక్కి వచ్చాయి, ఇవి అడిగారు. ఈ మూడింటి మీద పరిశోధన చేయండి. ఊరు మీకు జొన్నరొట్టె పెట్టి మరీ చెబుతుంది.

పెద్దలకు ఒక్క మనవి. వద్దు అనే హక్కు మీకు ఉంది. 1996 నాటి పెసా చట్టం మన ఆచారాలను, సంస్కృతిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని చెప్పింది. ఇంటికి వచ్చినవాడిని కాదనడం మన అలవాటు కాదు, తెలుసు. కాదనమని మేమూ అనడం లేదు. ‘ముందు వచ్చినవాళ్ల కాగితం ఏమైంది? మీ కాగితం ఎప్పుడు తెస్తారు?’ అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఏ తేదీన తిరిగి వస్తామన్నారు అని రాసుకోవడానికి ప్రతి గూడెం పటేల్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టిస్తున్నాం. మొదటి మూడు నోటుబుక్కులు మేము తిరిగిన మూడు గూడేలకు. వాటిలో మొదటి పేజీలో మా ఐదుగురి పేర్లే ఉన్నాయి.

మిగిలిన ఫారాలు ఈ సభకు తెచ్చాం. చెదలు తిన్నవి పోగా ఉన్నవన్నీ వెనక బల్ల మీద, గూడెం వారీగా కట్టలు కట్టి పెట్టాం. ఆ మూడు గూడేలవాళ్లు ఇక్కడ ఉన్నారు. సభ అయ్యాక మీ మీ ఫారాలు చూసుకోండి. చదవడం రానివాళ్లకు మేము చదివి వినిపిస్తాం, పొద్దుపోయినా కూర్చుంటాం. తీసుకుపోతామంటే అసలు ప్రతి మీదే. భూమి సంగతి రాసి ఉన్న ఫారాలకు నకళ్లు తీయించి, ఎవరికి కావాలంటే వాళ్లకు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి వాడుకునేట్టు ఇస్తాం. కొట్టేయమంటే మీ ముందే కొట్టేస్తాం. రానివాళ్ల ఫారాలు పత్తి పని మొదలుకాక ముందే గూడేలకు తెచ్చి ఇస్తాం. ఈ మాట ఈ సంచికలో అచ్చు వేయించుకుంటున్నాం, ఇంకోసారి మరిచిపోకుండా.

 జై జంగో! జై లింగో!